ఓవెన్‌లో ఎఫ్3 ఎర్రర్: బోర్డు కొనేముందు సెన్సర్‌ని వేడి చేసి చూడండి

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. మా వంటింటి ఓవెన్ ఎఫ్3 అని చూపిస్తూ ఆగకుండా కూత పెడుతోంది. మెకానిక్ ఓవెన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందంటున్నాడు. పోయింది వేడిని కొలిచే సెన్సరా, బోర్డా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

తేల్చుకోవచ్చు. కరెంటు కొలతలు తీసే ఇరవై డాలర్ల మల్టీమీటరు, ఒక స్క్రూడ్రైవరు, ఒక హెయిర్ డ్రయ్యరు ఉంటే చాలు. హెయిర్ డ్రయ్యరు ఎందుకో తర్వాత చెప్తాను, నా కథంతా దాని దగ్గరే ఉంది.

మేముండేది న్యూజెర్సీలో. మా అమ్మ మొదటిసారి వచ్చిన ఏడాది, భోగికి రెండు రోజుల ముందు జరిగింది ఇది. ఇక్కడ జనవరి చలికి దోసెల పిండి పులియాలంటే ఓవెనే దిక్కు. లోపల లైటు వేసి గిన్నె పెట్టేస్తే ఆ బల్బు వేడికే తెల్లారేసరికి పొంగుతుంది. మా ఇంట్లో ఓవెన్‌కి అసలు ఉద్యోగం అదే. మిగతా రోజుల్లో మూకుళ్లు, పెనాలు దాచే అలమర. మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది, మొహమాటపడకండి.

అత్తగారు వస్తున్నారని మా ఆవిడ అంతకు వారం ముందు సెల్ఫ్ క్లీన్ బటన్ నొక్కింది. ఆ బటన్ కనిపెట్టినవాడి మీద నాకు చాలా కోపం ఉంది. తలుపు తాళం పడిపోయి, లోపల వేడి సుమారు 900 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పోతుంది. అంటే దాదాపు 480 సెల్సియస్. మామూలు వంటకి మనం అందులో సగం దాటించం. అంత మంటలో మురికి బూడిదవుతుంది, నిజమే. వైర్ల కనెక్టర్లు, తలుపు తాళం, సెన్సర్ సంగతో? నన్నడిగితే ఇక్కడ ఓవెన్లు పాడయ్యేది వంట వల్ల కాదు, ఆ బటన్ వల్లే. మా ఆవిడ ఒప్పుకోదు. మీరైనా తడిగుడ్డ, వంటసోడా వాడుకోండి.

సరే, పాప పుట్టినరోజుకి కేకు చెయ్యాలని 350 ఫారెన్‌హీట్ మీద పెట్టాం. స్క్రీన్ మీద 100, 120, 150 అంటూ ఎక్కుతోంది. 170 దగ్గర ఒక్కసారిగా కూత మొదలైంది. ఎఫ్3. ఆపేసి కాసేపాగి వేస్తే మళ్లీ మామూలే, మళ్లీ 170 దగ్గరే కూత. మెకానిక్‌ని పిలిచాం. అతను సంచిలోంచి మీటరు బయటికి తియ్యలేదు. బ్రేకర్ ఆపి, వేసి, ఓవెన్ ఆన్ చేశాడు. కూత విన్నాడు. "బోర్డు పోయింది, 480 డాలర్లు" అన్నాడు. వచ్చినందుకు 95 తీసుకుని వెళ్లిపోయాడు. ఈ "బోర్డు పోయింది" అన్నమాట ఫ్రిజ్‌కీ, వాషింగ్ మెషీన్‌కీ, ఏసీకీ, అన్నిటికీ ఒకటే మందు. ఊళ్లో మా ఆర్ఎంపీ డాక్టరు ఏ జబ్బుకైనా ముందు సెలైన్ ఎక్కించేవాడు, అలా.

అమ్మ ఒక్క మాటే అంది. "ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ అని నాలుగేళ్లు ఫీజు కట్టాం కదరా, ఒక పొయ్యి బాగుచెయ్యలేవా?" నేను చదివింది ఎలక్ట్రికల్, చేసేది సాఫ్ట్‌వేర్, ఓమ్స్ లా తప్ప ఏదీ గుర్తులేదు. ఆ ఒక్కటే చాలని తర్వాత తెలిసింది.

ఓవెన్ లోపల వెనక గోడకి పైభాగంలో పెన్సిల్ కంటే సన్నటి కడ్డీ ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది చూడండి. అదే సెన్సర్. లోపల ప్లాటినం ఉంటుంది, వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, పెరుగుతుంది. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. ఇక్కడి ఓవెన్లలో ఎక్కువగా ఉండే రకం మామూలు గది వేడిలో 1080 ఓమ్‌ల దగ్గర, 350 డిగ్రీల్లో సుమారు 1650 దగ్గర చూపించాలి. బోర్డు చేసేదల్లా ఆ అంకెని చూసి వేడి ఎంతో లెక్కగట్టడమే. చాలా కంపెనీల్లో ఎఫ్3 అంటే "సెన్సర్ నుంచి నాకు ఏ సమాచారమూ అందడం లేదు" అని. కంపెనీని బట్టి కోడ్ మారొచ్చు, మీ మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

ముందు మెయిన్ ప్యానెల్లో ఓవెన్ బ్రేకర్ ఆపండి. స్విచ్ ఆఫ్ చేశాంగా అనుకోకండి, కరెంటు ఓవెన్‌కి అది 240 వోల్టుల లైను. నేను బ్రేకర్ ఆపి, రెండు స్క్రూలు విప్పి, కడ్డీని మెల్లగా లాగితే వెనకాలే వైరూ కనెక్టరూ వచ్చాయి. ఆ కనెక్టర్ ఊడదీసిన మరుక్షణం ఓవెన్ వైపు వైరు సర్రున రంధ్రంలోకి జారిపోయింది. గంటసేపు హ్యాంగర్ వంచి కెలికాను. ఓవెన్ గోడల్లో వేడి ఆపడానికి కూరే ఫైబర్ దూది చేతికి అంటుకుని రెండు రోజులు దురద. మీరు మాత్రం కనెక్టర్ విప్పేముందే ఆ వైరుకి బట్టల క్లిప్పు ఒకటి పెట్టుకోండి. ఈ సమాధానంలో అన్నిటికంటే విలువైన వాక్యం ఇదే. కొన్ని మోడళ్లలో కనెక్టర్ లోపలివైపుకి రాదు, ఓవెన్‌ని ముందుకి లాగి వెనక రేకు విప్పాలి.

సెన్సర్ రెండు కొసలకీ మీటరు పెట్టాను. 1084. భేషుగ్గా ఉంది. అయితే మెకానిక్ చెప్పిందే నిజమన్నమాట. సిగ్గుపడుతూ ఆన్‌లైన్‌లో బోర్డు వెతికి కార్ట్‌లో కూడా వేశాను. అప్పుడు అమ్మ వచ్చి, "నా పిండి రాత్రంతా లోపలే ఉంది, ఒక్క కూత లేదు. వేడి పెట్టాకే కదా అరుస్తోంది" అని సణిగింది. ఆవిడ గోలల్లా పిండి మళ్లీ ఎక్కడ పెట్టాలన్నదే. నాకు మాత్రం బుర్ర వెలిగింది. నేను చల్లటి సెన్సర్‌ని కొలిచి బాగుందంటున్నాను. జ్వరం లేనప్పుడు థర్మామీటరు పెట్టి జబ్బు లేదన్నట్టు!

మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి కడ్డీకి దగ్గరగా పట్టుకుని, ఫుల్‌లో పెట్టాం. మీటరు అమ్మ చేతిలో. అంకెలు పైకి చదువుతోంది. 1120, 1170, 1230, 1280... 1290 దాటి రెండు మూడు అంకెలు ఎక్కిందో లేదో, స్క్రీన్ మీద ఓఎల్. అంటే లోపల తీగ తెగిపోయింది, కరెంటు దాటడం లేదు. డ్రయ్యర్ ఆపాం. నిమిషంలో మళ్లీ 1200 చూపించింది. నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ అక్కడే తెగింది. తర్వాత ఏ వేడికి ఎన్ని ఓమ్‌లో చెప్పే పట్టిక తీసి చూస్తే ఆ ఓమ్‌లకి సరిపోయే వేడి ఎంతో తెలుసా? సుమారు 170 ఫారెన్‌హీట్. ఓవెన్ రోజూ కూత పెడుతున్న చోటే! లోపలెక్కడో వెంట్రుకవాసి బీట ఉండి, వేడికి వ్యాకోచించగానే విడిపోతోంది. చల్లారితే అతుక్కుంటోంది. ఉద్యోగంలో ఇన్నేళ్లు ఎన్నో బగ్గులు పట్టుకున్నాను గానీ, ఇంత ఆనందం ఎప్పుడూ రాలేదు.

కొత్త సెన్సర్ 28 డాలర్లు. మోడల్ నంబరు తలుపు చుట్టూ ఉండే ఫ్రేమ్ మీద ఉంటుంది, దాన్ని బట్టే కొనండి. కేకు మాత్రం ఆ ఏడాది బేకరీ నుంచే వచ్చింది.

మీ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడూ వేడిలోనూ సరిగ్గానే చదివితే, దాన్ని మళ్లీ తగిలించి, బోర్డు దగ్గర ఆ వైరు ప్లగ్గు ఊడదీసి అక్కడ కొలవండి. అక్కడ కూడా 1080 వస్తే అప్పుడు బోర్డుని అనుమానించండి. రాకపోతే మధ్యలో వైరో కనెక్టరో కాలింది. కేకు కాస్త మాడుతోందనో, పచ్చిగా ఉంటోందనో అయితే అసలు ఏమీ కొనొద్దు. ఓవెన్ థర్మామీటరు లోపల పెట్టి అరగంటపాటు నాలుగైదుసార్లు చూడండి. హీటర్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసిన అంకె లెక్కలోకి రాదు. తేడా పాతిక డిగ్రీలుంటే సెట్టింగ్స్‌లోనే సవరించుకోవచ్చు, చాలా మోడళ్లలో 35 వరకూ అవకాశం ఉంటుంది.

ఇండియా నుంచి చదివేవాళ్లకి ఒక మాట. మామూలుగా నాబ్ తిప్పే ఓటీజీల్లో ఈ సెన్సర్ ఉండదు, వాటి థర్మోస్టాట్ పనితీరే వేరు. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఎక్కువగా ఉండేది థర్మిస్టర్ అనే మరో రకం సెన్సర్, వేడెక్కితే దాని ఓమ్‌లు పెరగవు, తగ్గుతాయి. అయినా మైక్రోవేవ్ డొక్క మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. అక్కడ మెకానిక్కే దేవుడు.

ఇంతకీ మీది ఆన్ చెయ్యగానే అరుస్తోందా, వేడెక్కాక అరుస్తోందా? ప్రశ్నలో రాయలేదు. చల్లగా ఉన్నప్పుడు ఎన్ని ఓమ్‌లు వచ్చాయో, డ్రయ్యర్ పెట్టాక ఎన్ని వచ్చాయో కింద రాయండి. ఈలోగా లోపల పిండి గిన్నె ఉంటే తీసెయ్యండి.