రెండు జీతాలు కలిపి స్టార్‌ను తేవడం గురించి

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్)లో సెకండ్ ఏప్రన్, అంటే టీమ్ జీతాల మొత్తానికి పెట్టిన పై గీత, దాటిన మీ టీమ్ ఇద్దరు ఆటగాళ్లనూ, 2027, 2028 ఫస్ట్ రౌండ్ పిక్‌లనూ (డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో కొత్త ఆటగాణ్ని ఎంచుకునే హక్కులు) ఇచ్చి ఒక స్టార్‌ను తేవచ్చా అని అడిగారు. ఇలాగైతే ఎన్‌బీఏ ఒప్పుకోదండీ. ట్రేడ్ తర్వాత కూడా జీతాల మొత్తం ఆ గీత పైనే ఉంటే, ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద జీతానికి సరిపెట్టనివ్వరు. పైగా వేరే టీమ్ పిక్ చేతిలో లేకుండా వరుసగా రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు వదులుకోవడం స్టెపియన్ రూల్‌కు విరుద్ధం. 2028లో పిక్‌కు బదులు స్వాప్ (మీ పిక్‌తో వాళ్ల పిక్‌ను మార్చుకునే హక్కు) ఇవ్వండి, ఆ చిక్కు తీరుతుంది.

అసలు మీకు స్టార్ కావాలా? స్కోరింగ్ మీకు బాగానే ఉంది, లేనిది డిఫెన్స్. 2021లో డెన్వర్ ఆరన్ గోర్డన్‌ను తెచ్చుకున్నది చూడండి. అవతలి జట్టు బలమైన ఫార్వర్డ్‌ను అతను కాస్తాడు. డెన్వర్ స్టార్ యోకిచ్ వైపు ఇద్దరు ప్రత్యర్థులు కదిలితే చాలు, బుట్ట వెనకనున్న బేస్‌లైన్ గీత వెంట రిమ్ దగ్గరికి దూసుకెళ్లి పాస్ అందుకుంటాడు. 2023లో వాళ్లకు టైటిల్ వచ్చింది. మీరూ ఒక్క ఆటగాణ్ని ఇచ్చి, అంతకు మించని జీతమున్న అలాంటి వింగ్‌ను (కోర్టు పక్కల ఆడే ఆటగాణ్ని) అడగండి. ఆ 2027 పిక్ దానికి వాడితే నాకైతే బాధ ఉండదు.