భీమిలి లైట్‌హౌస్, మా తాత చెప్పిన గురుతు

సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌లనే పదేపదే గీసేవాళ్ళకి ఆ ప్రేరణ ఎక్కడిదని అడిగారు. నా సంగతి చెబుతాను. మాది భీమిలి. పన్నెండేళ్ళుగా వాటర్ కలర్స్‌లో నేను ఎక్కువగా వేసింది మా ఊరి పాత లైట్‌హౌస్‌నే.

మొదట్లో కెరటాలు, పడవలు, పక్కన తెల్లటి స్తంభం పెట్టి క్యాలెండర్ బొమ్మలా వేసేవాణ్ణి. మా తాత తెరచాప తెప్ప మీద వేటకెళ్ళిన మనిషి. ఒకరోజు చూసి, "ఒడ్డున నిలబడి చూసినోడి బొమ్మరా ఇది. మాకిలా కనపడదు" అన్నాడు. వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు వెనకున్న పావురాళ్ళ కొండనీ ఈ స్తంభాన్నీ జతచేసి చూసుకునేవాళ్ళట. రెండూ ఎలా కలిశాయన్నదాన్ని బట్టి గోస్తనీ మొగ, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోటు, ఎటుందో తెలిసేది. రాత్రి దీపం గురుతు, పగలు ఆ తెల్ల సున్నమే గురుతు.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ తెలుపే నన్ను పట్టుకుంది. మనది తూర్పు తీరం కదా, పొద్దున వెలిగే సముద్రం వైపు గోడ సాయంత్రానికి నీడలోకి వెళ్ళిపోతుంది. ఆ నీడని దగ్గరగా చూడండి: పైభాగంలో ఆకాశపు నీలం, అడుగున ఇసుక మీంచి పడే లేత పసుపు. కోబాల్ట్ బ్లూలో చుక్క బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు) కలుపుతాను. ఎండ పడే వైపు రంగే వెయ్యను, కాగితాన్ని అలాగే వదిలేస్తాను. సముద్రపు గాలిలో తేమకి వాష్, అంటే పల్చటి నీటి రంగు పూత, తొందరగా ఆరదు. అందుకే గుండ్రటి గోడ మీద నీడ అంచు మెత్తగా వస్తుంది. ఇంట్లో ఫ్యాన్ కింద ఎంత ప్రయత్నించినా నాకది రాలేదు.

వీలైతే అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1929లో వేసిన 'ద లైట్‌హౌస్ ఎట్ టూ లైట్స్' చూడండి. ఆ లైట్‌హౌస్ అమెరికాలో మేన్ రాష్ట్రపు కేప్ ఎలిజబెత్‌లోది. బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గుట్ట కింద నుంచి తలెత్తి చూసినట్టు ఉంటుంది. సముద్రం ఎక్కడా కనపడదు, కానీ గోడ మీది ఆ ఎండ చూస్తే పక్కనే ఉందని తెలిసిపోతుంది. అది చూశాకే కెరటాలు వెయ్యడం మానేశాను.

మొన్న చలికాలంలో మామయ్య బోటెక్కి, సముద్రం మీంచే స్కెచ్ వేసుకొచ్చాను. స్తంభం, వెనక కొండ, అంతే. తాత చాలాసేపు చూసి, "కొండ ఇంకొంచెం ఎడమకి రావాల. అప్పుడు మొగ ఎదురుగా ఉంటాది" అన్నాడు. కొత్త కాగితం తీసి మళ్ళీ మొదలుపెట్టాను.