ధర్నాకు వెళ్లనని ఒట్టు వేయించుకున్నాను, తప్పా?

ప్రశ్న: మావారు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఓవర్‌టైమ్ డబ్బులు ఎగ్గొడుతున్నారని యూనియన్ వాళ్లు వచ్చే నెల ఒక సెలవు రోజున శాంతియుతంగా ధర్నా పెట్టుకున్నారు. ఉద్యోగం పోతుందేమో, పోలీసులు పట్టుకెళ్తారేమోనని నాకు భయం. వెళ్లనని పిల్లల మీద ఒట్టు వేయించుకున్నాను. అప్పటినుంచి ఆయన ముభావంగా ఉంటున్నారు. నేను చేసింది తప్పా?

జవాబు: మీ భయంలో తప్పేమీ లేదమ్మా. ఒక్క జీతం మీద నడిచే ఇల్లాయె. కానీ ఆ ఒట్టు మాత్రం నాకు నచ్చలేదు. రేపు అందరూ ధర్నాకు వెళ్లొచ్చాక, షిఫ్టులో పక్కనే నిలబడి పనిచేసేవాళ్ల మొహం ఆయన ఎలా చూడాలి? ఆయన మౌనంలో మీ మీద కోపం కన్నా ఆ బాధే ఎక్కువేమో. ముందు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. ‘వెళ్లొద్దు’ అనే బదులు, ‘నాకు భయంగా ఉంది, ఏదైనా అయితే మనం ఏం చేద్దాం?’ అని అడిగి చూడండి.

శాంతియుతంగా గుమిగూడటం మనిషి హక్కని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 20వ అధికరణంలోనే ఉంది. పనివేళలు కాని సమయంలో యూనియన్ కార్యక్రమాల్లో పాల్గొన్నందుకు ఉద్యోగం నుంచి తీసేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో చేసిన 98వ ఒప్పందం చెబుతోంది. ధర్నా సెలవు రోజునే కాబట్టి ఇది మీవారికి ఉపయోగపడే మాట. అయితే ఈ ఒప్పందాన్ని అన్ని దేశాలూ ఆమోదించలేదు. ఆమోదించిన చోట కూడా యాజమాన్యం ఇంకేదో సాకు చూపించి తీసేయొచ్చు. అందుకే ధర్నాకు అనుమతి తీసుకున్నారా, కేసు పడితే చూసే లాయర్ ఎవరు అని యూనియన్ నాయకుల్ని మీరే అడగండి. మంచి నాయకులైతే విసుక్కోరు.

జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్ జిరాక్స్ తీయించి ఇంట్లో పెట్టుకోండి. లాయర్ నంబరు, మీ నంబరు చీటీ మీద రాసి ఆయన జేబులో పెట్టండి. తోపులాటలో సెల్ పోయినా చీటీ ఉంటుంది. ఎవరైనా రాయి విసిరితే ఆ క్షణమే బయటికి వచ్చేస్తానని, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనని మాట తీసుకోండి. ఆ మాట ఆయన సంతోషంగా ఇస్తారు, నిలబెట్టుకోగలరు కూడా.

ఒకటి రెండు నెలలు జీతం ఆగితే ఇల్లెలా గడుస్తుందో ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి. అప్పులు, పిల్లల ఫీజులు, ఏవీ దాచుకోకండి. ఆ లెక్క చూశాక ఈసారికి వద్దని ఆయనే అనుకుంటే ఆయన్ని పిరికివాడని ఎవరూ అనకూడదు, మీరు అననివ్వకూడదు. వెళ్లాలనే అనుకుంటే మాత్రం అలిగి కూర్చోకుండా, నవ్వుతూ పంపండి.