పోలోకి ట్యూనింగా, కొత్త కారా? ముందు గేర్‌బాక్స్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. నాకు 36 ఏళ్లు. పెయింట్లు, హార్డ్‌వేర్ షాపు ఉంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, పాపకి ఆరేళ్లు. ఇంటి ఖర్చులు 45,000 పోను నెలకు సుమారు 30,000 మిగులుతుంది, అందులోంచే 8,000 సిప్ కడుతున్నాను. బ్యాంకులో లక్షన్నర, ఎఫ్‌డీలో 4 లక్షలు ఉన్నాయి. మూడు లక్షల హెల్త్ పాలసీ ఉంది, టర్మ్ పాలసీ లేదు. షాపు మీద 6 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉంది, అందులో 4 లక్షలు వాడకంలో ఉంది. 2016 పోలో జీటీ టీఎస్ఐ నడుపుతున్నాను, 82,000 కిలోమీటర్లు తిరిగింది. ఆ కారంటే నాకు ప్రాణం. వైజాగ్‌లో ఒక ట్యూనర్ రీమ్యాప్‌కి (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడానికి) 45,000, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్‌కి 60,000, బ్రేక్ కిట్‌కి 55,000, అల్లాయ్స్, టైర్లకి 70,000 చెప్పాడు. 5,000 అడ్వాన్స్ ఇచ్చాను. మా ఆవిడేమో వెనక సీటు ఇరుకు, కారు మార్చమంటోంది. వర్టస్ జీటీకి ఆన్‌రోడ్ 21 లక్షలు చెప్పారు, నా పోలోకి 4 లక్షలు ఇస్తామన్నారు. సాలూరులో ఉన్న మా మామగారి అడ్రస్ మీద రిజిస్టర్ చేయిస్తే మేలని కొందరంటున్నారు. ఇంకో మాట: పొట్టంగి ఘాట్‌లో లారీల వెనక వెళ్తుంటే ఒకటి నుంచి రెండో గేరుకి మారేటప్పుడు కుదుపు వస్తోంది. దిగేటప్పుడు బ్రేక్ పెడల్ మెత్తబడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నా సలహా చెప్పేస్తాను. రీమ్యాప్ వద్దు. వర్టస్ కూడా ఇప్పుడే వద్దు. గేర్‌బాక్స్ బాగుందని తేలితే పోలోని సరిగ్గా బాగుచేయించి ఇంకో రెండేళ్లు నడపండి. ఆ రెండేళ్లలో తర్వాతి కారుకి డబ్బు కూడబెట్టండి. గేర్‌బాక్స్ బాగోలేదని తేలితే లెక్క మారుతుంది, అప్పుడేం చేయాలో కూడా కింద చెప్తాను.

మీరు చివర్లో ‘ఇంకో మాట’ అంటూ రాసిన ఆ కుదుపే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యం. మీ కారులో ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. డబుల్ క్లచ్ ఉన్నా అది నూనెలో మునిగి ఉండదు, గాలికే చల్లారాలి. లోడు లారీ వెనక ఎక్కుడులో పాకుతూ వెళ్తున్నప్పుడు క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు. ఆ జారుడులో వేడెక్కి అరుగుతుంది. సునాబెడ దాటి పొట్టంగి మీదుగా సాలూరు వైపు దిగి మళ్లీ ఎక్కే మీలాంటి వాళ్ల కార్లలో ఈ అరుగుదల మామూలే. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు కుదుపంటే క్లచ్ ప్లేట్లు కావచ్చు, క్లచ్‌ని, గేర్లని నడిపించే మెకాట్రానిక్ యూనిట్ కావచ్చు, ఒక్కోసారి కేవలం రీ-అడాప్టేషన్‌తో (కంప్యూటర్‌తో క్లచ్ సెట్టింగులు మళ్లీ సరిచేయడంతో) పోయే చిన్న విషయమూ కావచ్చు. మూడింటి ఖర్చుకీ మధ్య తేడా చాలా ఉంది. మెకాట్రానిక్ యూనిట్ మార్చాల్సి వస్తే బిల్లు సులువుగా లక్ష దాటుతుంది.

ఆ ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఆ గేర్‌బాక్స్ 250 ఎన్ఎం వరకు తట్టుకునేలా తయారైంది. మీ ట్యూనర్ కూడా ఈ లెక్కే చెప్పి ఉంటాడు: రీమ్యాప్ చేసినా 250 దాటదు కాబట్టి భయం లేదని. ఆ అంకె ఆరోగ్యంగా ఉన్న క్లచ్‌కి. మీ క్లచ్ 175 దగ్గరే కుదుపుతోంది. రీమ్యాప్ అంటే టర్బో ప్రెషర్, ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్ పెంచి తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ ఎక్కువ తెప్పించడం. మీ క్లచ్‌కి కష్టంగా ఉన్నది సరిగ్గా అక్కడే. 45,000 పెట్టి కారుకి బలం తెచ్చామనుకుంటారు, ఆరు నెలలు తిరక్కుండా లక్షన్నర బిల్లు చేతికి రావచ్చు.

పెట్రోల్ సంగతి కూడా ఉంది. మీ కారు తయారైన రోజుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ లేదు. ఇప్పుడు దాదాపు ఎక్కడ పోయించినా అదే. రీమ్యాప్ సాఫ్ట్‌వేర్‌ని ఏ పెట్రోల్‌కి రాశారో దానికే అది సరిగ్గా పనిచేస్తుంది. వైజాగ్‌లో ప్రీమియం పెట్రోల్ పోసి సెట్ చేయించుకుని, జయపురంలో దొరికింది పోయించి ఘాట్ ఎక్కితే ఇంజిన్ నాకింగ్‌కి (పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజిన్‌ని దెబ్బతీయడానికి) ఆస్కారం ఇచ్చినట్టే.

ఇక బ్రేకులు. పెడల్ మెత్తబడుతోందని 55,000 కిట్ వేయిస్తానంటున్నారు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరిగి బుడగలు కడుతుంది. పొడవాటి దిగుడులో పదేపదే బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అందుకే రెండేళ్లకోసారి దాన్ని మార్చాలి. ముందు ఆయిల్ మార్పించి, ప్యాడ్లు, డిస్కుల మందం కొలిపించండి. కొన్ని వేలల్లో తేలిపోయే పని. దిగేటప్పుడు డీఎస్‌జీని మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో గేరో మూడో గేరో పట్టించండి, ఇంజినే కారు వేగాన్ని అదుపులో ఉంచుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట వాయిదా వేయకండి. ఈ వారమే చూపించండి. పాపని వెనక కూర్చోబెట్టుకుని ఆ ఘాట్ దిగుతున్నారు.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. డబ్బు లెక్కలో దీనికంటే పెద్దది ఇన్సూరెన్స్. మార్పులు చెప్పకుండా చేయించుకుని ప్రమాదం జరిగితే, సర్వేయర్ మార్చిన ఎగ్జాస్ట్ చూసి రిపోర్టులో రాస్తే, మీ సొంత డ్యామేజీ క్లెయిమ్ తగ్గించవచ్చు, తిరస్కరించనూ వచ్చు. నాలుగు లక్షల కారు మొత్తం మీ జేబు మీద పడుతుంది.

పైగా ఆ 2 లక్షల 30 వేలు అమ్మేటప్పుడు తిరిగి రావు. మీ ఎగ్జాస్ట్‌ని చూసి ఎవరూ ఇరవై వేలు ఎక్కువివ్వరు. రీమ్యాప్ చేసిన కారని తెలిస్తే ఎంత బాదారో అని అనుమానించి బేరం తగ్గిస్తారు. సరదాకి ఖర్చు పెట్టడం తప్పని నేను అనను. ఎవరికైనా ఒక ఇష్టం ఉండాలి, మీకది కారు. దాన్ని పెట్టుబడి అనో, కారు విలువ పెంచడం అనో లెక్క వేసుకోవద్దనే నా మాట. పైగా దాన్ని షాపు క్యాష్ క్రెడిట్‌లోంచి తీయాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా ఇప్పుడే మానేయండి. అది సరుకు కోసం బ్యాంకు ఇచ్చిన డబ్బు. సొంతానికి వాడుకున్న మేరకు వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపించుకోవడానికి వీలుండదు. దసరా ముందు కంపెనీకి పెయింట్ ఆర్డర్ పెట్టాల్సిన సమయానికి లిమిట్ నిండిపోయి ఉంటే నష్టపోయేది షాపు.

ఇప్పుడు వర్టస్. 150 పీఎస్, 250 ఎన్ఎం. మంచి ఇంజిన్, వెనక సీటు కూడా విశాలం. మీ ఆవిడ చెప్పింది న్యాయమైన మాట. పాప ఎదిగేకొద్దీ పోలో వెనక సీటు ఇంకా ఇరుకవుతుంది, ఆ కారు 2022లోనే మన దేశంలో తయారవడం ఆగిపోయింది కూడా. మార్చడం ఎలాగూ తప్పదు. ఎప్పుడు, ఏ డబ్బుతో అన్నదే చూడాలి.

21 లక్షల్లో పాత కారు 4 లక్షలు, మీ ఎఫ్‌డీ 4 లక్షలు పోతే 13 లక్షల అప్పు. తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ 27,300. వడ్డీ ఒక్కటే 3 లక్షల 38 వేలు. మీకు మిగిలేది 30,000. అంటే సిప్ ఆగిపోతుంది, ఎఫ్‌డీ ఖాళీ, చేతిలో లక్షన్నర. కోరాపుట్ వానలు మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో పెయింట్ పని సాగదు, గల్లాపెట్టె పలచబడుతుంది, ఈఎంఐ మాత్రం ఐదో తేదీకల్లా కట్ అవుతుంది. ఒక్క సీజన్ దెబ్బతిన్నా మీ చెయ్యి క్యాష్ క్రెడిట్ వైపే వెళ్తుంది. ఈ టెన్షన్‌తో నడిపితే 150 పీఎస్ ఉన్నా సుఖం ఉండదు.

జీఎస్టీ తగ్గింది కదా అంటారేమో. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం అయింది నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకే. వర్టస్ ఒకటిన్నర లీటర్ 40 శాతంలో పడుతుంది. కొత్త కారే కావాలంటే 18 శాతంలో వచ్చే ఐ20 ఎన్ లైన్ 120 పీఎస్ ఇస్తుంది. ఒకసారి కుటుంబంతో కలిసి నడిపి చూడండి.

సాలూరు అడ్రస్ మీద రిజిస్ట్రేషన్ వద్దే వద్దు. మీ ఇల్లు, వ్యాపారం ఒడిశాలో, బండి తిరిగేది ఒడిశాలో. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడ టాక్స్ కట్టాలి. ఈ లెక్క మీకు ఇంకోచోట పనికొస్తుంది. రెండేళ్ల తర్వాత వైజాగ్‌లో సెకండ్‌హ్యాండ్ కారు చూస్తే, అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్‌ఓసీ, ఒడిశాలో మళ్లీ లైఫ్ టాక్స్, ఆంధ్రాలో కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి రీఫండ్ కోసం ఓనర్ చుట్టూ తిరగడం, ఇవన్నీ ఉంటాయి. వైజాగ్ దగ్గర, భువనేశ్వర్ దూరం, నిజమే. కానీ ఓడీ నంబరు ఉన్న కారు కాస్త ఎక్కువ రేటు చెప్పినా, ఈ ఖర్చులు కలిపాకే ఏది చౌకో తేల్చుకోండి.

మీ డబ్బుని నేనైతే ఇలా సర్దుతాను. బ్యాంకు, ఎఫ్‌డీ కలిపి 5.5 లక్షల్లో 3 లక్షలు అత్యవసరానికి పక్కన పెట్టి ముట్టుకోకండి. వెంటనే కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. షాపు అప్పు మీ పేరు మీద ఉంది, రేపు మీకేమైనా అయితే అది మీ ఆవిడ మీద పడొచ్చు. ఆరేళ్ల పాప ఉన్న ఇంట్లో టర్మ్ పాలసీ లేకుండా ఎగ్జాస్ట్ కొటేషన్ తెప్పించుకోవడం నాకు బాధ కలిగించింది. హెల్త్ పాలసీ మీద టాపప్ కూడా వేయండి. రెండింటి మీదా ఇప్పుడు జీఎస్టీ లేదు. వీటికి నెలకు 3,000 అనుకుందాం. కారు రిపేరుకి 90,000 దాటకుండా హద్దు పెట్టుకోండి: బ్రేకులు, కంపెనీ సైజులోనే మంచి టైర్లు, స్పార్క్ ప్లగ్‌లు, అవసరమైతే ఇంజిన్ మౌంట్లు. పదేళ్ల కారుకి ఇవి మారిస్తే చాలామంది ‘ట్యూన్ చేయించావా’ అని అడిగేంత తేడా వస్తుంది.

ఇవన్నీ పోను లక్షా 60 వేలు మిగులుతుంది. అది కారు ఫండ్. నెలకు 19,000 ఆర్‌డీ వేస్తే, ఆరున్నర శాతం వడ్డీ చొప్పున రెండేళ్లకి 4 లక్షల 85 వేల దాకా అవుతుంది. రెండూ కలిపి దాదాపు ఆరున్నర లక్షలు. అప్పటికి పోలోకి 3 లక్షలు వచ్చినా తొమ్మిదిన్నర. మూడు నాలుగేళ్ల వాడకం ఉన్న కారుకి 13.5 లక్షలు బడ్జెట్ పెట్టుకుంటే అప్పు 4 లక్షలే. వడ్డీ పదిన్నర శాతమైనా మూడేళ్లకి ఈఎంఐ 13,000. ఆర్‌డీ కట్టే అలవాటున్న చేతికి ఇది బరువు కాదు, సిప్ కూడా ఆగదు.

గేర్‌బాక్స్ కోసం వైజాగ్ అధీకృత సర్వీస్ సెంటర్‌లో స్కానింగ్ చేయించి, ఎర్రర్ కోడ్లు, క్లచ్ అరుగుదల రీడింగులు, రాతపూర్వక ఎస్టిమేట్ తీసుకోండి. రీ-అడాప్టేషన్‌తో సరిపోతే పైన చెప్పిందే దారి. క్లచ్ ప్యాక్ మార్చాల్సి వచ్చి, మిగతా పనులతో కలిపి లక్షన్నర లోపు తేలితే, రెండేళ్లు నడుపుతారు కాబట్టి చేయించుకోవచ్చు. ఆ మేరకు కారు ఫండ్ 60,000 తగ్గుతుంది, అంతే. లక్షన్నర దాటితే, బ్రేకులు మాత్రం సరిచేయించి ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయండి, రేటు తగ్గినా సరే. అప్పుడు కూడా వర్టస్ వద్దు. వచ్చిన డబ్బుకి కారు ఫండ్ కలిపి, అప్పు 4 లక్షలు మించకుండా ఏ కారు వస్తే అది తీసుకోండి.

అడ్వాన్స్ ఇచ్చిన 5,000 గురించి అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. ఆ ట్యూనర్‌ని బ్రేక్ ఆయిల్, ప్యాడ్ల పనిలో సర్దమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వదిలేయండి. దాన్ని దక్కించుకోవడానికి మిగతా 2 లక్షల 25 వేలు కట్టకండి.