ఇంటి నుంచే అకౌంటింగ్ ఉద్యోగం: మొదటి ఏడాది ఎక్కడ గడపాలి?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీకాం పూర్తిచేసింది. అమెరికా పన్ను రిటర్నులు తయారుచేసే హైదరాబాద్ సంస్థ ఒకటి ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగం ఇస్తామంటోంది. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులోనూ అవకాశం ఉంది గానీ జీతం తక్కువ. మా కళ్లెదుటే ఉంటుందని మాకు మొదటిదే నచ్చింది. ఇలా పనిచేస్తున్నవారి అనుభవం ఎలా ఉంటోంది?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇంటి నుంచి పనిచేయడం గురించి అకౌంటింగ్ ఉద్యోగులు చెప్పే మాట, వారు ఎన్నేళ్ల అనుభవంతో ఇంటికి వెళ్లారన్నదాన్ని బట్టి మారుతుంటుంది. మూడు నాలుగేళ్లు ఆఫీసులో పనిచేసి వెళ్లినవారు సాధారణంగా సంతోషంగానే ఉంటారు. హైదరాబాద్ అద్దె, ట్రాఫిక్ తప్పుతాయి, మిగిలిన సమయంలో పరీక్షలకు చదువుకోవచ్చు. కాలేజీ నుంచి నేరుగా ఇంటి ఉద్యోగంలో చేరినవారి ఫిర్యాదు మాత్రం వేరు: తప్పు దిద్దేవారు ఉంటారు గానీ, అది ఎందుకు తప్పో చెప్పేవారు దొరకరు.

బ్యాంకు రికన్సిలియేషన్‌నే, అంటే సంస్థ పుస్తకాలను బ్యాంకు లెక్కతో సరిపోల్చే పనినే చూడండి. పుస్తకాల్లోని నిల్వకూ, బ్యాంకు స్టేట్‌మెంటుకూ 270 రూపాయల తేడా వచ్చిందనుకుందాం. ఆఫీసులో పక్క కుర్చీలోని సీనియర్ తల తిప్పకుండానే "తొమ్మిదితో భాగించి చూడమ్మా, శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉంటాయి" అంటారు. 7,520కి బదులు 7,250 అని నమోదైన పద్దు కాసేపట్లో దొరుకుతుంది. అదే ఇంట్లో కూర్చున్న కొత్త ఉద్యోగి, చాట్‌లో పదే పదే అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటంతో సాయంత్రమంతా లెడ్జరు వెతుక్కుంటుంది. మర్నాడు వచ్చే రివ్యూ నోట్‌లో "నిల్వ సరిపోలేదు, సరిచేయండి" అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. పైగా టైమ్‌షీటులో ఆ గంటలన్నీ ఏ క్లయింటు ఖాతాలో రాయాలన్న బెంగ ఒకటి.

ఇక పని వేళలు. అమెరికాలో భాగస్వామ్య సంస్థల రిటర్నులకు మార్చి 15, వ్యక్తుల రిటర్నులకు ఏప్రిల్ 15 మామూలు గడువులు. పొడిగింపు తీసుకున్నవాటికి సెప్టెంబర్ 15, అక్టోబర్ 15. ఈ తేదీల ముందు వారాల్లో రాత్రి పని తప్పదనే అనుకోండి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు చలికాలంలో రాత్రి 7:30, వేసవిలో సాయంత్రం 6:30. క్లయింటుతో మాట్లాడే కాల్స్ అప్పుడే మొదలవుతాయి. అమ్మాయి ఇంట్లోనే ఉంది కదా అని చుట్టాలొచ్చినప్పుడు పిలిస్తే వచ్చే పరిస్థితి ఆ నెలల్లో ఉండదని ఇంటిల్లిపాదీ ముందే అర్థం చేసుకోవాలి.

అమెరికా చట్టం ప్రకారం పన్ను చెల్లింపుదారు రాతపూర్వక సమ్మతి లేకుండా వారి పన్ను వివరాలను దేశం బయట రిటర్ను తయారుచేసేవారికి ఇవ్వకూడదు. అందుకే సంస్థలు గోప్యత విషయంలో కఠినంగా ఉంటాయి. తలుపు వేసుకోగల గది, నమ్మదగిన ఇంటర్నెట్, కరెంటు పోతే ఇన్వర్టరు ఉండాలి. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి స్నేహితులను సందేహం అడగడం ఉద్యోగానికే ముప్పు.

నియామక పత్రం జాగ్రత్తగా చదవండి. కొన్ని సంస్థలు ఇంటి నుంచి పనిచేసేవారిని ఉద్యోగిగా కాకుండా కన్సల్టెంటుగా తీసుకుని, వృత్తిపరమైన ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే పట్టుకునే పన్ను) కోసి చెల్లిస్తాయి. అప్పుడు పీఎఫ్ ఉండదు, సెలవుల హామీ కూడా అనుమానమే. చేరేముందు డిపాజిట్ కట్టమన్నారంటే ఇక మాట్లాడటం అనవసరం. మీ అమ్మాయికి సీఏ ఆలోచన ఉంటే ఇంకో సంగతి: ఇలాంటి ఉద్యోగం ఆర్టికల్‌షిప్‌గా, అంటే సీఏకు తప్పనిసరి అయిన ఆచరణాత్మక శిక్షణగా లెక్కలోకి రాదు. సీఏ ఇంటర్మీడియట్ పరీక్ష పూర్తిచేశాక ప్రాక్టీసులో ఉన్న సీఏ దగ్గర పేరు నమోదు చేసుకుని చేసే రెండేళ్ల శిక్షణే చెల్లుతుంది.

నా అభిప్రాయంలో, మొదటి పన్ను రిటర్నుల సీజన్ వరకైనా హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని పని నేర్చుకునే వీలు ఇస్తారా అని ఆ సంస్థను అడగాలి. కుదరదంటే, తన పనిని ఎవరు రివ్యూ చేస్తారో, వారు రోజూ కొంతసేపైనా స్క్రీన్ షేర్ చేసి వివరిస్తారో లేదో మీ అమ్మాయినే అడగమనండి. సూటిగా పేరు చెప్పి, వేళ చెప్పగలిగితే చేరవచ్చు. "టీమ్ అంతా సాయం చేస్తుంది" వంటి జవాబు వస్తే విజయవాడే మేలని నేనంటాను. ప్రతి నెలా 7న టీడీఎస్ చెల్లింపు, 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే జీఎస్టీఆర్-3బి రిటర్ను అంటూ తిరిగే ఆ ఆఫీసులో ఏడాది గడిపితే, బిల్లుల సంచీతో వచ్చిన వ్యాపారి దగ్గర్నుంచి ఆడిటర్ సంతకం వరకు పని మొత్తం కళ్లతో చూస్తుంది. ఆ తర్వాత అమెరికా పన్నుల మీదే ఆసక్తి ఉంటే, డిగ్రీతో నిమిత్తం లేని, మూడు భాగాలుండే ఎన్‌రోల్డ్ ఏజెంట్ (అమెరికా పన్ను శాఖ గుర్తింపు పొందిన పన్ను నిపుణుడు) పరీక్షకు సిద్ధం కావచ్చు. కళ్లెదుట ఉండాలన్న మీ కోరికకూ విజయవాడ ఆటంకం కాదు. తెనాలి నుంచి సీజన్ టికెట్ మీద రోజూ రైల్లో వెళ్లివచ్చే ఉద్యోగులు చాలామందే ఉన్నారు.