సింకు పెద్దదైతే కోత ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మా వంటగది గట్టు పార్టికల్ బోర్డు మీద లామినేట్ అతికించి చేసినది. పాత సింకు అంచు కింద నీరు దిగి బోర్డు ఉబ్బడంతో దానిని తీసివేసి, కాస్త పెద్ద స్టీలు సింకు తెచ్చుకున్నాము. కొత్త సింకును గట్టు మీద బోర్లించి, చుట్టూ గీసిన గీత వెంబడే కోస్తే చాలని ఇంట్లో అంటున్నారు. అది సరైనదేనా? మళ్లీ నీరు దిగకుండా ఏం చేయాలి?

– ఒక పాఠకురాలు

జవాబు: ఆ గీత వెంబడి మాత్రం కోయకండి. కోస్తే సింకు నిలవడానికి ఆధారమే ఉండదు, నేరుగా కింది అలమారాలోకి దిగిపోతుంది. మీరు గీసేది అంచు బయటి హద్దు; కోత గీత దానికి లోపలి వైపున, సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అయితే అంచు వెడల్పు ఒక్కో సింకుకు ఒక్కో తీరుగా ఉంటుంది కనుక, పెట్టెలో కాగితపు అచ్చు వచ్చి ఉంటే దాని కొలతనే పాటించండి.

అంతకంటే ముందు తేల్చుకోవలసినది, ఉబ్బిన భాగమంతా ఈ కొత్త కోతలో పోతుందా లేదా అన్నది. పాత రంధ్రం చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో బోర్డును పొడిచి చూడండి. తడిసి పాడైన చోట మొన సులువుగా దిగుతుంది, పొట్టు రాలుతుంది. ఆ మెత్తదనం కొత్త గీతను దాటి బయటికి పాకి ఉంటే, సందులు మూసే సిలికాన్ జిగురు ఎంత పూసినా అంచు సమంగా కూర్చోదు. అప్పుడు గట్టు పలకనే మార్చడం మంచిదని నా అభిప్రాయం.

కోతకు ముందు గీత మీద మాస్కింగ్ టేపు అంటించండి. జిగ్‌సా యంత్రంలోని మామూలు బ్లేడు పైకి లేచేటప్పుడు కోస్తుంది కాబట్టి, టేపు లేకపోతే లామినేట్ పెచ్చులుగా లేస్తుంది. నాలుగు మూలల్లోనూ గీతకు లోపలగా డ్రిల్లుతో బ్లేడు పట్టేంత రంధ్రాలు చేసి అక్కడి నుంచి మొదలుపెడితే మూలలు గుండ్రంగా వస్తాయి, పగుళ్లకు తావుండదు. (గ్రానైట్ గట్టుకూ మూలల విషయంలో ఇదే జాగ్రత్త అవసరం, అక్కడ పగులు వస్తే బండే పోతుంది.) కోత ముగిసే సమయానికి కింది నుంచి ఎవరైనా ముక్కను పట్టుకోవాలి.

ఇక అందరూ వదిలేసే పని ఒకటుంది. కోసిన అంచులో బోర్డు పచ్చిగా బయటపడి ఉంటుంది, నీటిని పీల్చేది అదే. దాని మీద నీరు పట్టని వార్నిష్ రెండు పూతలు వేయండి, లేదా సిలికాన్‌ను వేలితో పలుచగా అదిమి రుద్దండి. కుళాయి కోసం గట్టుకు చేసిన రంధ్రాన్ని కూడా మరిచిపోవద్దు. మీ పాత గట్టుకు ఈ పూత వేయలేదనే అనుకుంటున్నాను.

జాలీ, దాని కింద నీరు పోయే గొట్టాన్ని కలిపే కప్లింగ్ సింకు బయట ఉండగానే బిగించుకోండి. తరువాత అలమారాలో తల దూర్చి బిగించడం కష్టం. సింకుతో అంచు పట్టీ రాకపోతే, అంచు కింద ఎక్కడా తెగకుండా సిలికాన్ వరుస పెట్టి, సింకును దింపి, సింకును కింది నుంచి గట్టుకు పట్టి ఉంచే క్లిప్పులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒకే వైపు గట్టిగా బిగిస్తే పలుచని స్టీలు అంచు అలలా వంగి, ఆ సందులోంచే నీరు దిగుతుంది.

24 గంటలు ఆరనిచ్చాక కింది జాయింట్ల దగ్గర పొడి కాగితం పరచి, బిరడా పెట్టి సింకును నిండా నింపి ఒక్కసారిగా వదలండి. సన్నధారకు కారని జాయింటు ఈ బరువుకు కారవచ్చు. కాగితం మీద చుక్క ఎక్కడ పడితే దాని పైనున్న జాయింటు విప్పి, వాషరు సరిచూసి మళ్లీ బిగించండి.