కంపెనీ డైరెక్టర్ల బోర్డులో ఒక మహిళ తప్పనిసరి అన్న చట్టం వల్ల ఏమైనా మారిందా?

మారిందా అని అడిగారు. హైదరాబాద్‌లో ఒక లిస్టెడ్ కంపెనీకి (అంటే షేర్లు స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీకి) చాలాకాలం కంపెనీ సెక్రటరీగా పనిచేశాను, కాబట్టి నేను చూసింది చెబుతాను.

2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలంది. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ ఇచ్చిన గడువు 2015 ఏప్రిల్ 1. మార్చి నెలాఖరున మా ప్రమోటర్, అంటే కంపెనీ పెట్టి నడిపిస్తున్న పెద్దమనిషి గారి భార్యను డైరెక్టర్‌గా నియమించాం. ఆ రోజుల్లో చాలా కంపెనీలు చేసిందీ ఇదే.

ఆవిడ ఎం.కాం. చదివారు. రెండో సమావేశంలో అనుకుంటాను, బాకీల పట్టిక చూపించమని అడిగారు. "సార్ చూశారు కదండీ, మీకెందుకు శ్రమ" అన్నారు పక్కనున్న పెద్దాయన. ఆవిడ మళ్ళీ అడగలేదు. హాజరు పుస్తకంలో సంతకం చేసి, టీ తాగి వెళ్ళేవారు. ఆ గదిలో ఉన్న రెండో ఆడమనిషిని నేను. మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని నమోదు, రాయడమే నా పని. "చర్చించి ఆమోదించారు" అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

నా దృష్టిలో అసలు మార్పు తెచ్చింది ఆ తర్వాతి నిబంధన. మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు 2019 ఏప్రిల్ నుంచి, మొదటి వెయ్యికి 2020 ఏప్రిల్ నుంచి ఇండిపెండెంట్ మహిళా డైరెక్టర్ ఉండాలని సెబీ చెప్పింది. అంటే కంపెనీతోనూ ప్రమోటర్‌తోనూ సంబంధం లేనివారే ఉండాలి, ప్రమోటర్ బంధువులు పనికిరారు. అలా మా బోర్డులోకి ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారిణి వచ్చారు. ఆడిట్ కమిటీలోనూ వేశాం. ఇది ముఖ్యం, లెక్కలు లోతుగా చూసేది అక్కడే.

లాక్‌డౌన్ కాలం కావడంతో మొదటి సమావేశం వీడియోలో జరిగింది. ప్రమోటర్ బంధువుల సంస్థకు మా కంపెనీ కట్టే గోదాము అద్దె పెంపు అజెండాలో ఉంది. "పక్క గోదాముకు అద్దె ఎంత?" అని అడిగారావిడ. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్న మీదే అరగంట గడిచింది. ఆ అంశం ఎదురుగా "వాయిదా" అని రాశాను. ఆ బోర్డు మినిట్స్‌లో ఆ మాట రాయడం నాకు అదే మొదటిసారి. తర్వాతి సమావేశానికి మార్కెట్ ధరలు తెప్పించారు, అద్దె తగ్గింది.

అయినా ఒక్కరితో సరిపెట్టడం నాకు తృప్తిగా లేదు. నార్వే 2003లోనే బోర్డుల్లో మహిళలు కనీసం 40 శాతం ఉండాలని చట్టం చేసుకుంది. పదిమందిలో ఒక్కరే అయితే, ఆవిడ రాని రోజున ఆ ప్రశ్న అడిగేవారే ఉండరు.

ఇంకో సంగతి. అజెండా కాగితాలు ప్రతి డైరెక్టరుకూ వేరుగా పంపాలి. కానీ ప్రమోటర్ గారింటికి అప్పటివరకు ఒకే కవరు వెళ్ళేది, ఆయన పేరున. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. అద్దె విషయం తేలిన వారానికి ఆయన భార్య నాకు ఫోన్ చేశారు. "ఇకనుంచి నా కాగితాలు నా పేరున పంపించమ్మా, ముందుగా చదువుకోవాలి" అన్నారు.


ఆ సాయంత్రమే రెండో కవరు మీద ఆవిడ పేరు రాసి పంపించాను.